సెల్లారులో లాగే చెయ్యి

మా ఊరి ఆసుపత్రి సెల్లారులో ఉన్న ఎమ్మారై గదికి మంచి పేరు లేదు. మెట్లు దిగితే పట్టపగలు కూడా రాత్రే. యంత్రంలో పడుకున్న ఒకాయన్ని ఎవరో లాగారట... చెవి తెగిందట.

మా బావ లారీ డ్రైవరు. కుడి భుజం బిగుసుకుపోయి చెయ్యి లేవడం మానేసింది. స్టీరింగ్ పట్టకపోతే ఇల్లు గడవదు. సర్జనేమో, "భుజం లోపల ఎంత గట్టిపడిందో చూడందే కత్తి పెట్టను" అన్నాడు. వణికే పట్టీ ఒకటి భుజానికి కట్టి, ఆ వణుకు లోపల ఎలా పాకుతుందో ఎమ్మారైలో చూస్తారట.

మా అక్కకి ముద్ద దిగలేదు. "వద్దండీ... ఆ గది మంచిది కాదు."

"ఊరుకోవే. దెయ్యానికి నా భుజంతో ఏం పని?"

టెక్నీషియన్ అందరినీ అడిగినట్టే అడిగాడు. "ఒంటిమీద ఇనుము ఏమన్నా ఉందా?"

"లేదు."

బావ నొప్పికి ఓర్చుకోలేడని, మణికట్టు దాకా చుట్టిన చేతికట్టు మాత్రం విప్పలేదు. అదే అతని పొరపాటు.

బల్ల మెల్లగా సొరంగంలోకి జరిగింది. పట్టీ ఇంకా వణకడం మొదలుపెట్టలేదు... చెయ్యి దానంతటదే లేచింది.

ఎవరో మణికట్టు పట్టుకున్నారు! బావ వెనక్కి గుంజుకున్నాడు — అవతలివాడు ఇంకా గట్టిగా గుంజాడు. నెలల తరబడి కదలని భుజం ఫట్‌మంది.

"వదలరా... చంపేస్తున్నాడ్రోయ్!"

కట్టు పర్రున చినిగింది. దానితో పాటే మణికట్టూ చీలింది. నెత్తురు ఎగిరి మొహాన పడింది.

బల్లను బయటికి లాగేసరికి చెయ్యి వేలాడుతోంది. సొరంగం గోడకి అతుక్కుని... బెత్తెడు మేకు.

తలుపు దగ్గర అక్క నెత్తి కొట్టుకుంది. "నేనేనండీ... దెయ్యానికి ఇనుమంటే భయమని... రాత్రి కట్టులో పెట్టి కుట్టేశాను."

"దెయ్యమేంటమ్మా!" టెక్నీషియన్ మేకుకేసి వేలు చూపించాడు. "ఇది అయస్కాంతం. ఆ చెవి తెగినాయన జేబులో తాళాలు మర్చిపోయాడు, అవి ఎగిరొచ్చి చెవి కోశాయి. అంతే!"

భుజం తర్వాత వదులైంది. కానీ మేకు నరాలు తెంపేసింది, బావ పిడికిలి ఇక మూసుకోదు. లారీ అమ్మేశారు.

ఇదంతా అక్క ఏడుస్తూ నాకొక్కడికే చెప్పింది. బావ మాత్రం ఎవరడిగినా ఒకటే మాట — "దెయ్యం లాగింది." పెళ్లాన్ని ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆయన బాధ. ఆ మనసుకి దండం పెట్టాలి.

కాకపోతే, మొన్న మా పక్కింటాయనకి అదే గదిలో మోకాలి స్కాన్ రాశారు. బావ కథ విన్నప్పటి నుంచీ వాళ్లమ్మ ఇల్లంతా మేకుల కోసం వెతుకుతోంది.