నాలుగో డెస్క్‌టాప్

"మన షారోన్ శత్రువులకు అమ్ముడుపోయింది," అన్నాడు చీఫ్ సంజీవరావు. "విదేశీ ముఠా మన ల్యాబ్‌లో ఒరిజినల్స్ తగలబెట్టింది. క్షిపణి డిజైన్ ఇప్పుడు ఆమె పెన్‌డ్రైవ్‌లో మాత్రమే ఉంది. పాడవకుండా పట్టుకురా, ఇషాక్."

"ఎస్, సార్," అన్నాడు ఏజెంట్ ఇషాక్. రెండేళ్లుగా ప్రేమించిన మనిషి గురించి అంతకంటే ఏమంటాడు?

అది 2006. పెదకాకాని దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీ, ముఠా అడ్డా. ఇషాక్ హమాలీ వేషంలో, భుజాన బస్తాతో మేడ మీది ఆఫీసులోకి జొరబడ్డాడు. అక్కడ షారోన్ ముందు టేబుల్ మీద పిస్తోలుంది. ఆమె కదల్లేదు. ఇషాక్ ఆమె చేతులు కుర్చీకి కట్టేశాడు.

అదే టేబుల్ మీద లైనక్స్ కంప్యూటర్. దానికి పెన్‌డ్రైవ్, ఎర్ర లైటు వెలుగుతూ. ఎజెక్ట్ నొక్కాడు. డివైస్ బిజీ అంది స్క్రీన్. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే పాట.

"లాగేయ్," అంది షారోన్. "నీకలవాటేగా! పోయినేడు నా పెన్‌డ్రైవ్ అలా లాగే పాడుచేశావు."

"ఈసారి లాగను."

కింద జీపు ఆగింది. ముఠా బూట్లు మెట్లెక్కుతున్నాయి.

ఇషాక్ టెర్మినల్ తెరిచి, డ్రైవ్‌ను ఏ ప్రోగ్రాం పట్టుకుందో చెప్పే కమాండ్ కొట్టాడు. ఫోటోలు చూసే ప్రోగ్రాం! తెర మీద మాత్రం ఏ ఫోటో లేదు. ఈ సిస్టంలో ఒకే మానిటర్ మీద మార్చి చూసుకునే నాలుగు డెస్క్‌టాప్‌లు, అంటే నాలుగు వేర్వేరు తెరలు, ఉంటాయని గుర్తొచ్చి, ఒక్కొక్కటీ మార్చి చూశాడు. నాలుగోదాంట్లో ఫోటో దొరికింది.

పర్చూరు దగ్గర మిరప కల్లం. తొడిమలు తీసిన చేత్తోనే కళ్లు నులుముకుని లబోదిబోమంటున్న ఇషాక్. చున్నీతో అతని మొహం తుడుస్తూ, పడీపడీ నవ్వుతున్న షారోన్.

"నన్ను ఆపడానికి తెరిచిపెట్టావా?"

"ఆపాలంటే పిస్తోలుంది కదా. ముట్టుకున్నానా?" అంది షారోన్. "దేశం వదిలి వెళ్లేముందు ఒక్కసారి చూసుకుందామని తెరిచాను."

తలుపు మీద మొదటి దెబ్బ పడింది. చెయ్యి మొరాయించినా ఇషాక్ ఫోటో మూసేశాడు. ఎజెక్ట్. లైటు ఆరింది. డ్రైవ్ జేబులో పడటం, తలుపు విరగడం, బస్తాలో దాచిన కారం ముఠా కళ్లలో పడటం ఒకేసారి జరిగాయి.

ముందే అనుకున్నట్టు వెనకే వచ్చిన పోలీసులు అందరికీ బేడీలు వేశారు. షారోన్‌కి కూడా. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే బాగుండేదని ఇషాక్‌కి ఇప్పటికీ బాధే.

సాయంత్రం సంజీవరావు డ్రైవ్ అందుకున్నాడు. "డిజైన్ భద్రం. శభాష్! మిగతా ఫైళ్లన్నీ చెరిపేయమంటాను."

"ఒక ఫోటో ఉంది, సార్. అది చెరపకండి. సాక్ష్యం."

"ఎవరి మీద?"

"నా మీద, సార్."