గట్టయ్యను మార్చెటందుకు ఎవలూ పోలే

బొగ్గుబాయిల మొదటి షిఫ్టు చేసి, చాయి తాగి, పావుకిలో మిర్పకాయలు కొనుక్కొని పరశురాములు నస్పూర్‌ల కంపెనీ క్వార్టరుకు వచ్చేసరికి ఐదు దాటింది. చలికాలం. పొద్దు జల్ది గుంకుతది. పక్క క్వార్టర్ల టీవీ మోగుతుంది, ఎవలో చేపలు ఏపుతున్నరు. అంతా రోజోతిగనే ఉంది.

పెండ్లాం సరోజన గడపల నిలబడ్డది. మొఖంల నెత్తురు లేదు.

"పోరి పెరట్ల నిలబడ్డదయ్యా. పన్నెండింటికాన్నుంచి. బువ్వ తినలే, నీళ్లు తాగలే. రెక్క వట్టి గుంజితె కదుల్తలేదు. గాలి సోకిందో ఏమోనని నిమ్మకాయ తిప్పేసిన. ఏం ఫాయిదా లే."

భూమికకు పదకొండేండ్లు. ఉన్నది ఒక్కతే బిడ్డ. కాలు ఒక్కతాన నిలువని పిల్ల, నోరు మూయమంటే మూయని పిల్ల. అది ఐదుగంటలు నిలబడుడేంది?

పరశురాములు వెనక తలుపు తీసిండు. పొట్టిగోడ అవతల తుమ్మచెట్లు. పిల్ల అటుదిక్కే సూస్తుంది. ఎడమకాలు ముందుకు, కుడి మోకాలు జర సడలి. రెండు చేతులు కడుపు మీద, బరువైనదేదో అడ్డంగ పట్టుకున్నట్టు. రెప్ప కొడుతలేదు.

గట్ల నిలబడుడు ఊకెనే రాదు. కాళ్లు గుంజకుండ ఉండెటందుకు నేర్పుతరు. పరశురాములుకు నేర్పిండ్రు. పదకొండేండ్లప్పుడు, ఉట్నూర్ దిక్కు అడివిల.

పెండ్లాంకు సుత చెప్పని ముచ్చట అది. అన్నల దళం ఊర్లకొచ్చి, "నీ పోరడు హుషారున్నడు" అని తోలుకపోయింది. వద్దనెటందుకు బాపుకు నోరు రాలే. తుపాకి వానికంటె పొడుగుండె. అది సూసి నవ్వినోళ్లు సుత ఉండిరి. నవ్వే ముచ్చటనా అది? వానితోని గట్టయ్య అని ఇంకో పిల్లగాడు. ఇద్దరూ సెంట్రీలు. రెండు గంటలకొకపారి మార్పు. మార్చెటందుకు వచ్చినోడు వెనకనుంచి ఎడమ భుజం మీద చెయ్యేస్తడు. అప్పటిదాంక పాము పారినా జాగ విడువద్దు.

ఒకనాడు గట్టయ్యను మార్చే వంతు పరశురాములుది. పోలే. వాగులబడి ఇంటికి ఉరికిండు. దీపాలు పెట్టే యాళ్లకు వెనకనుంచి పోలీసుల కాల్పులు వినవడ్డయి. దళమంత అప్పటికే దూరం జరిగిందట. జాగ విడువకుండ ఉండి సచ్చింది ఒక్క గట్టయ్యనే. ఆ మాట విన్ననాడు పరశురాములు ఏడువలే. ఇయ్యాల్టిదాంక ఏడువలే. లోపట బొగ్గు తీసిన జాగ లెక్క ఖాళీగ ఉంటది, అంతే.

"భూమికా..."

దగ్గరికి పోయిండు. వాసన... తడిసిన ఆకులది. తుపాకి నూనెది. పక్కింటి టీవీ వినవడుతలేదు. ఎప్పుడు ఆగిందో.

"బిడ్డా, లోపటికి రా."

"మార్పు రాలే," పిల్ల గుసగుసగ అన్నది. పెదవులు భూమికవి. గొంతు పిల్లగానిది. "ఎంతసేపాయె... ఆకలైతుంది..."

తుమ్మల నడుమ చీకటి ముసురుతుంది. అదే యాళ్ల. ఎదురుంగ ఎండుకట్టె విరిగింది. మల్ల ఇంకోటి... బూట్ల కింద విరిగినట్టు. ఒక్కలు కాదు. శానమంది.

భయపడాలె అని పరశురాములుకు ఎరికే. భయం రాలే. ఇంకో నిమిషం ఇక్కడుంటె నా బిడ్డ నాకు దక్కది అనుకున్నడు. గదొక్కటే సమజైంది.

పిల్ల వెనకకు పోయిండు. ఎడమ భుజం మీద చెయ్యేసిండు. చిన్న భుజం. ఎముక తగిలింది.

"పోరా గట్టయ్యా," మెల్లగ అన్నడు. "నేనచ్చిన."

పిల్ల పెద్దగ ఊపిరి ఇడిసింది. వెనకకు సూడకుండ ఇంట్లకు నడిచింది. "అవ్వా, బువ్వ పెట్టవే," అన్నది. ఈపారి భూమిక గొంతే. సరోజన బోరున ఏడ్సుడు వినవడ్డది.

పరశురాములు సుత లోపటికి పోదామనుకున్నడు. కాలు లేవలే. ఎడమకాలు ముందుకున్నది. రెండు చేతులు కడుపు మీదికి ఎప్పుడు వచ్చినయో తెల్వదు. కట్టెలు ఇంకా విరుగుతున్నయి... దగ్గరగ.

ఇంట్ల పళ్లాలు కదిలిన సప్పుడు.

"ఒక్కదానివే కదనే," సరోజన అంటుంది. "రెండు పళ్లాలు ఎందుకు?"

"వానికి సుత ఆకలైతుందవ్వా," పిల్ల అన్నది.

రెండో పళ్లెంల గంటెతోని బువ్వ ఏస్తున్న సప్పుడైంది.