తొమ్మిది పేర్లు

పొద్దున ఆరున్నరకు నిర్మలమ్మ ఉగ్గానికి బొరుగులు నానబెట్టింది. నాలుగు నెలల తర్వాత ఇద్దరికి సరిపడా నానబెట్టడం ఇదే మొదలు. ప్రొద్దుటూరులో ఆమెది రెండు గదుల అద్దె ఇల్లు. భర్త పోయి మూడేళ్లయింది. రాజుపాలెం అవతల ఒక పల్లెలో ప్రాథమిక బడికి ఆమె హెడ్మాస్టరు. రిటైర్మెంటు ఇంకా రెండేళ్లుంది.

కూతురు భార్గవి నిన్న సాయంత్రం కడప నుంచి వచ్చింది. బడికి దూరమైన పిల్లల లెక్క తీసి అధికారుల ముందు పెట్టే సంస్థలో పనిచేస్తుంది. వచ్చినప్పటి నుంచి ల్యాప్‌టాప్ మూయలేదు.

"చల్లారిపోతాంది, తిను," అంది నిర్మలమ్మ. "ఈసారన్నా నాలుగు దినాలు ఉంటావా?"

"రేపు జమ్మలమడుగులో ఆఫీసర్లతో మీటింగ్ ఉండాది మా. ఆడి నుంచి పులివెందులకు పోవాల."

"అయితే నన్ను చూసేదానికి రాలేదు."

భార్గవి ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది. "ఇది మీ బడి లెక్క. జనవరి నుంచి దినామూ హాజరు ముప్పై ఒకటి. మధ్యాన్నం బువ్వ తిన్నోళ్లు ఇరవై రెండు. తొమ్మిది మంది ఏం తిని బతుకుతాండారు?"

"ఇంటి నుంచి క్యారియర్ తెచ్చుకుంటారు."

"నాతో కూడా అబద్ధమేనా మా?"

నిర్మలమ్మ స్టవ్ ఆపింది. ఆ తొమ్మిది మంది జనవరి మొదటి వారంలో అమ్మానాన్నల వెంట గుంటూరు వైపు మిరప కోతలకు పోయారు. ఉగాది దాటితే గానీ రారు. వాళ్లు లారీ ఎక్కుతుంటే ఆమె బడి గేటు దగ్గర నిలబడి చూసింది. అయినా రోజూ ఫోన్లో వాళ్లకు హాజరు వేసింది. భోజనం లెక్క మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసింది. తినని గుడ్డును తిన్నట్టు రాయడానికి చెయ్యి రాలేదు.

"రాలేదని రాస్తే పేర్లు కొట్టేస్తారు," అంది. "పిల్లోళ్లు తగ్గినారని రెండో టీచరును తీసుకుపోతారు. అయిదు తరగతులు నేనొక్కదాన్నే చెప్పాల. నా సుఖానికి చేసినానా?"

"నేనట్లనలే. పోయిన నెల ఈ పల్లెలకు హాస్టల్ అడిగినాం. పెద్దోళ్లు పనికి పోయినన్నాళ్లు పిల్లోళ్లు ఈడనే ఉండి చదువుకునేదానికి. అందరూ హాజరే కదమ్మా, హాస్టల్ ఎవరికి అన్నాడు ఆఫీసరు. నీ బడి కాగితం తీసి నా ముందర పెట్టినాడు. దాని మీద నీ సంతకం."

"నెల కిందట చూసినావు. ఫోన్లో చెప్పొచ్చు కదా."

"ఫోన్ చేస్తే నువ్వు చెప్పేదేంది? బాగుండా, తిన్నా, పండుకుంటాండా. నేనది నమ్మి నా పని చూసుకుంటా. వాళ్లను కూడా అట్లనే బాగుండారని రాసినావు. ఇంగ ఎవరొస్తారు వాళ్లకోసరం?"

నిర్మలమ్మ కూతురి ముఖం చూడలేదు. "ఇప్పుడేం చేయమంటావు?"

"నిజం లెక్క రాసి సంతకం పెట్టు. పద్నాలుగు బళ్లు ఇచ్చినాయి."

"పెడితే నాకు మెమో వస్తాది. కూతురే తల్లి మీద రాయించిందని మండలమంతా నవ్వుతాది."

ఆమె తన ప్లేటు తీసుకుని వంటింట్లోకి పోయి నిలబడి తిన్నది. రోజూ అలాగే తింటుంది. ముందు గదిలో భార్గవి ఒక్కతే తిన్నది.

ఎనిమిది గంటల బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. పల్లె రాగానే దిగి బడికి నడిచారు.

బడి దగ్గర వంటామె అఖ్తర్ బీ బియ్యం ఏరుతోంది. "బేటీ వచ్చిందే! గుడ్లు ఎన్ని మేడం, ఇరవై రెండా, బేటీకి కలిపి ఇరవై మూడా?"

"ఇరవై రెండే."

"మీ అమ్మతో వేగలేం బేటీ. గరిటెడు పప్పు ఎక్కువైనా అడుగుతాది. పిల్లోళ్లు పోయినాక పెద్ద గిన్నె అటకెక్కించినా. చిన్నదాంట్లో వండుతాంటే వంట చేసినట్టే లేదు."

భార్గవి నవ్వింది. నిర్మలమ్మ తరగతి గదిలోకి పోయింది.

జనవరి నుంచి ఆమె పేర్లు పిలవడం మానేసింది. ఈ రోజు బీరువాలోని రిజిస్టరు తీసి పిలిచింది. మొదటి ముగ్గురు పలికారు. నాలుగో పేరు అవినాష్. ఎవరూ పలకలేదు. పిల్లలందరూ వాకిలి వైపు తిరిగి చూశారు.

"వాడొచ్చినాడా మేడం?" ముందు వరుసలో పాప అడిగింది.

"రాలేదు," అంది నిర్మలమ్మ. గైర్హాజరు గుర్తు పెట్టింది.

అమ్జద్ పేరు పిలిచింది. పిల్లలు మళ్లీ వాకిలి వైపు చూశారు. సనా పేరు పిలిచినప్పుడు కూడా చూశారు. సనా తర్వాత పేరు ఆ పిల్ల చెల్లెలు షబీనాది. ఆ పేరు దగ్గర నిర్మలమ్మ ఆగింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి పెట్టుకుంది. అయినా గడులు కనిపించలేదు.

వెనక గోడ దగ్గర నిలబడిన భార్గవి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. మిగిలిన పేర్లు ఆమె చదివింది. ఏ గడిలో పెట్టాలో వేలితో చూపించింది. నిర్మలమ్మ పెట్టింది. మొత్తం తొమ్మిది.

భార్గవి తెచ్చిన కాగితం మీద ఆ తొమ్మిది పేర్లూ, వాళ్లు పోయిన తేదీ రాసి నిర్మలమ్మ సంతకం పెట్టింది.

"మెమో నిజంగానే వస్తాదేమో మా."

"రానీ. రేపు సెలవు పెట్టి జమ్మలమడుగుకు నేనూ వస్తా. ఎవరికి హాస్టల్ అని మళ్లీ అడుగుతారు కదా, పేర్లు నేనే చదివి చెప్తా. నీకు ఆ పిల్లోళ్ల ముఖాలు తెలీవు."

భార్గవి తల్లి ఎడమ చేతి మీద తన చెయ్యి పెట్టింది. నిర్మలమ్మ ఆ చేతిని కదలనివ్వకుండా, కుడి చేత్తో సంతకం కింద ఆ రోజు తేదీ వేసింది.