రెండు హెడ్‌ఫోన్ల పియానో

అరవై దాటిన మనిషి మెట్లెక్కకూడదు. ఈ మాట మా ఆవిడ చెప్పింది, డాక్టరు చెప్పాడు, నా నడుము రోజూ చెబుతూనే ఉంది. వినేదెవరు? డాన్యూబ్ నది ఒడ్డున రూసె ఊళ్ళో వాయిద్యాలు అమ్మే కొట్లో ముప్ఫై ఏళ్ళుగా పని చేస్తున్నాను. ఈ రోజుల్లో కొట్టు దాకా వచ్చి పియానో వాయించి చూసుకునే ఓపిక ఎవరికీ లేదు. "ఇంటికి తెచ్చి చూపించండి కామెన్ గారూ" అంటారు తియ్యగా. మొయ్యాల్సింది ఈ కామెన్ గారే.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం. డాన్యూబ్ మీంచి వచ్చిన పొగమంచు పదకొండైనా వీధిలోంచి కదల్లేదు. తోదోర్కా అని ఒకావిడ ఫోన్ చేసింది. చేత్తో మోసుకుపోగలిగే డిజిటల్ పియానోలు మూడు రకాలు ఇంటికి తెమ్మంది. పక్కపక్కన పెట్టి పోల్చి చూసుకోవాలట.

"ఒంటిగంటకల్లా రండి. రెండు దాటితే కుదరదు," అంది.

అందులో వింతేం లేదు. మా దగ్గర మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా విశ్రాంతి వేళ. ఆ రెండు గంటల్లో గోడకి మేకు కొట్టినా, పాట పెట్టినా, పక్కవాళ్ళు అన్ని ఇళ్ళ గుండా పోయే వేడినీళ్ళ గొట్టం మీద గరిటెతో టంగుటంగున వాయిస్తారు. డిజిటల్ పియానోలు మా ఊళ్ళో అమ్ముడుపోయేది కూడా ఆ గరిటె పుణ్యమే. హెడ్‌ఫోన్లు తగిలించుకుంటే వాయించేవాళ్ళకే వినపడుతుంది. బయటికి కీలు కొట్టుకునే టపటప తప్ప ఇంకేమీ రాదు.

పాత సిమెంటు బ్లాకు. నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఎన్నేళ్ళయిందో. వీధి తలుపు నిండా చావు కాయితాలు, ఫొటోలతో సహా. పోయిన నలభయ్యో రోజుకొకటి, ఆరు నెలలకొకటి, ఏడాదికొకటి అంటించడం మా ఆచారం. ఊళ్ళో తలుపులన్నీ ఇలాగే ఉంటాయి కాబట్టి ఎవరూ నిలబడి చదవరు. నేనూ చదవలేదు. మొదటి పియానో భుజానికెత్తుకుని దేవుడా అనుకుంటూ ఎక్కాను.

మూడోది మోసుకెళ్ళేసరికి ప్రాణం ఉసూరుమంది. మూడో అంతస్తులో ఆగి గోడకి ఆనుకున్నాను. అక్కడి తలుపు తెరుచుకుని, బనీనుతో ఒక ముసలాయన బయటికొచ్చాడు. తలుపు మీద స్పాస్ అని పేరుంది.

"ఇంకోటా?" అన్నాడు. "ఉన్నదాంతోనే చస్తున్నాం. ఆవిడకి ఇంకోటెందుకయ్యా?"

"మూడూ పోల్చి చూస్తారట పెద్దాయనా. కొనేది ఒకటే."

"సరిగ్గా రెండింటికి మొదలు. టపటపా, టపటపా, నా నెత్తి మీదే. నాలుగింటి దాకా ఆగదు. ఒక్క రోజైనా మానదే!"

"పిల్లలన్నాక సాధన చెయ్యొద్దూ? మందంగా తివాచీ వెయ్యమని చెబుతాలెండి."

ఆయన నా మొహంలోకి అదోలా చూశాడు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకుని తలుపేసుకున్నాడు. ముసలాళ్ళకి చాదస్తం ఎక్కువ అనుకున్నాను, నేనేదో కుర్రాణ్ణయినట్టు.

తోదోర్కా తలుపు తీసి, బూట్లు విప్పించి, ఇంట్లో తొడుక్కునే చెప్పులిచ్చింది. యాభై లోపే ఉంటాయి. నల్ల గౌను, నల్ల స్వెటరు. ఇల్లంతా నేలకి రాసిన పాలిషు వాసన, దాని కింద సన్నగా మైనపు వత్తి కాలిన వాసన. గదిలో గోడవారగా ఒక పాత చిన్న డిజిటల్ పియానో, దాని ముందొక గుండ్రటి కుర్చీ ఉన్నాయి. కాఫీ ఇచ్చింది, తను తాగలేదు.

నేను మూడింటినీ స్టాండ్ల మీద పెట్టి నా పని మొదలెట్టాను. అలసటగా ఉన్నా, కీల మీద చెయ్యి పడితే నాకు మాటలు వాటంతటవే వస్తాయి.

"ఇది పది కిలోలే అమ్మా. బ్యాటరీతో కూడా పలుకుతుంది. కానీ పై స్వరాలు వినండి, గాజుగ్లాసుని చెంచాతో కొట్టినట్టు. గంటసేపు వాయిస్తే తలనొప్పొస్తుంది. ఈ రెండోది కాస్త బరువు. కీలు కూడా అసలు పియానోలాగే మంద్రంలో బరువుగా, పైకి పోయేకొద్దీ తేలిగ్గా ఉంటాయి. ఈ కింది స్వరం ఎంతసేపు నిలబడుతుందో చూడండి..."

నొక్కిపట్టి ఇద్దరం విన్నాం. అంటే నేను విన్నాను. ఆవిడ గోడ గడియారం చూస్తోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. మూడోదాని దగ్గరికొచ్చేసరికి నాకు విసుగొచ్చి, "ఇది ఈ రెంటికీ మధ్యరకం. వేలు ఎంత మెత్తగా వేస్తే అంత మెత్తగా పలుకుతుంది," అని ముగించేశాను.

"దేనికైనా రెండు హెడ్‌ఫోన్లు పెట్టుకునే వీలుందా?" అంది.

గంటసేపట్లో ఆవిడ అడిగింది అదొక్కటే.

"మూడోదానికి ఉంది. ఒకటి నేర్చుకునేవాళ్ళకి, ఒకటి నేర్పేవాళ్ళకి."

"మా పాతదానికి ఒకటే. అందుకే నాకు ఇన్నాళ్ళూ వినే దారి లేకపోయింది," అంది. లేచి పాత పియానోని పక్కకి జరిపి, దాని చోట మూడోదాన్ని పెట్టమంది. పెట్టాను. గుండ్రటి కుర్చీ ఎక్కడిదక్కడే ఉంచమంది.

అప్పుడు చూశాను. పాత పియానో వెనకాల గోడకి ఫొటో. పద్నాలుగేళ్ళ పిల్ల, రెండు జడలు. ఫొటో మూలకి నల్ల రిబ్బను. ఆ మొహాన్ని ఇందాక కింద వీధి తలుపు మీద మూడుసార్లు దాటుకుంటూ వచ్చాను నేను.

"మా రాలిత్సా. ఆగస్టులో జ్వరమొచ్చి పోయింది."

పియానో మీంచి చేతులు తీసేశాను.

"వచ్చే జూన్‌లో సంగీత కళాశాల పరీక్ష రాయాల్సింది. రోజూ రెండు గంటలు కూర్చోబెట్టేదాన్ని. కింద ముసలాయన గొడవ పడలేక హెడ్‌ఫోన్లు పెట్టేదాన్ని. అది పోయిన నలభయ్యో రోజు నుంచి... రెండు కాగానే కీలు కదులుతాయి. నాకు టపటప మాత్రమే వినపడుతుంది. ఏం వాయిస్తోందో తెలీదు. ఎలా ఉందో తెలీదు." ఆవిడ గొంతు అంత మామూలుగా ఉండటమే నాకు భరించరానిదిగా ఉంది. "చర్చి అయ్యగారు పియానో ఇంట్లోంచి తీసెయ్యమన్నారు. బిడ్డ విశ్రాంతి తీసుకోవాలన్నారు. కష్టపడుతుంటే ఇవాళే తీసేస్తాను. సుఖంగా ఉంటే ఉంచుకుంటాను. మీరు ముప్ఫై ఏళ్ళు పిల్లల చేతులు విన్నవాళ్ళు. మీరే చెప్పాలి."

"మీరే వినొచ్చు కదమ్మా..."

"నాకు ధైర్యం చాలడం లేదు."

పిచ్చితల్లి, దుఃఖంతో మతి తప్పింది అనుకున్నాను. రెండు నిమిషాలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏమీ లేదమ్మా అని మెల్లగా చెప్పి వెళ్ళిపోదామనుకున్నాను. ఆవిడ ఒక జత గుండ్రటి కుర్చీ వీపుకి తగిలించింది. రెండో జత నా చేతికిచ్చింది. చెవులకి పెట్టుకుని స్విచ్చి నేనే వేశాను. ఆవిడ కర్టెన్ లాగేసరికి గది మసకబారింది. కింద వీధిలో ఒక కారు పోయింది. తర్వాత బ్లాకు మొత్తం నిశ్శబ్దమైపోయింది, గొట్టాల్లో నీళ్ళు కూడా ఆగిపోయినట్టు.

రెండు.

ఏమీ లేదు.

గుండ్రటి కుర్చీ కిర్రుమంది.

మధ్యలో ఒక తెల్ల కీ కిందికి దిగింది... పైకి లేచింది. దాని పక్కది. దాని పక్కది. ఎవరి వేలూ లేదు. నా చెవుల్లో స్వరం. నేను పొగిడి అమ్మబోయిన స్వరమే.

ఎనిమిది స్వరాలు పైకి. ఎనిమిది కిందికి. అంతే. పాట లేదు. మళ్ళీ పైకి. మళ్ళీ కిందికి. నాలుగో వేలు తడబడింది. మళ్ళీ పైకి...

పిల్లల చేతులు నాకు తెలుసు. బద్ధకం వేరు, అలసట వేరు. ఇది అలసట. నిద్రపోతున్న పిల్లని లేపి కూర్చోబెట్టి వాయించమన్నట్టుంది. ఒక స్వరం సగమే నొక్కుతోంది. ఒకటి మరిచిపోయి వెనక్కి వెళుతోంది. పోనుపోను నెమ్మదిగా... ఇంకా నెమ్మదిగా... ఆగింది.

హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. ఆపెయ్ తల్లీ, చాలు అని లోపల్లోపలే అన్నాను.

ఎడమ చివర, అన్నిటికంటే కింది కీ మెల్లగా దిగింది.

ధమ్.

బరువైన వేలు. పిల్లది కాదు. ఆ చేతికీ ఈ చేతికీ మధ్య మూరల దూరం.

పైన వేళ్ళు ఉలిక్కిపడి మళ్ళీ మొదలెట్టాయి. గబగబా, తప్పులతడకగా. ఎనిమిది పైకి. ఎనిమిది కిందికి. మళ్ళీ నీరసం. మళ్ళీ ఆగడం.

ధమ్.

తోదోర్కా చేతులు రెండూ నా మోచేతిని పట్టుకుని ఉన్నాయి.

"ఎలా ఉంది?" గుసగుసగా అడిగింది. "నా బంగారుతల్లి ఎలా ఉంది?"

ఆ మొహం చూశాను. ఇన్ని నెలలుగా ఒక్క మాట కోసం ఎదురుచూసిన మొహం. జాలి అనుకోండి, పిరికితనం అనుకోండి. నాకు అక్కణ్ణించి బయటపడితే చాలనిపించింది.

"హాయిగా వాయిస్తోందమ్మా," అన్నాను. "నవ్వుతూ వాయిస్తున్నట్టుంది."

ఆవిడ నా చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. "అయితే తియ్యను. అయ్యగారితో చెప్పేస్తాను. బతికినంతకాలం తియ్యను!" అని ఏడుస్తూ నవ్వింది. నా చెవుల్లో ఇంకోసారి, ధమ్. హెడ్‌ఫోన్లు లాగి పడేశాను. మిగతా పియానోలు రెండూ అక్కడే, నా బూట్లూ అక్కడే. ఇంట్లో వేసుకునే చెప్పులతో మంచులో కొట్టు దాకా నడిచాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల. ఒక్క మాట నిజం చెప్పుంటే ఆ పిల్ల ఈపాటికి నిద్రపోయుండేది. నా ఒక్క మాటే! వారం రోజులు మా ఆవిడ మీద అరిచాను, తినలేదు, పడుకోలేదు. రోజూ రెండయ్యేసరికి చేతులు చల్లబడిపోయేవి. తొమ్మిదో రోజున ఇక నా వల్ల కాలేదు. విశ్రాంతి వేళ దాటాక, నెమ్మదిగా మాట్లాడొచ్చని సాయంత్రం ఐదింటికి వెళ్ళాను.

మూడో అంతస్తులో స్పాస్ గారి తలుపు మీద పేరు లేదు. పక్కవాళ్ళనడిగితే, కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడన్నారు. అక్కడ నిలబడి ఆయాసం తీర్చుకుంటుంటే పైనుంచి వినపడింది. టపటపా... టపటపా. ఐదు దాటింది కదా అనుకున్నాను.

తలుపు తడితే తోదోర్కా ఓరగా తీసి చూసింది. సగానికి సగం చిక్కిపోయింది. మెడలో హెడ్‌ఫోన్లు, వాటి తీగ లోపలికి పోయింది.

"అమ్మా, ఆవేళ నేను అబద్ధం చెప్పాను," అన్నాను, ఊపిరి అందకుండానే. "పాప అలిసిపోయింది. ఎవరో దాన్ని ఆపనివ్వడం లేదు. మీకు దణ్ణం పెడతాను, ఆ పియానో తీసేయండి. ఇప్పుడే నేను మోసుకుపోతాను."

"తెలుసు," అంది.

"ఏమిటి తెలుసు?"

"మీరెళ్ళగానే నేనూ విన్నాగా కామెన్ గారూ. కన్నతల్లిని, నాకు తెలీదా? వేళ్ళు నెప్పెడుతున్నాయి దానికి. ఈమధ్య నాలుగింటికి కూడా ఆగడం లేదు, తెల్లారేదాకా కూర్చుంటోంది."

"తెలిసి కూడానా అమ్మా...?"

"తీసేస్తే నేనేం వినాలి?"

కోపంగా అనలేదు. నిజంగానే నన్ను సలహా అడిగినట్టు అడిగింది. గొంతు తగ్గించి, "ఆ కింది స్వరం కొట్టేదెవరమ్మా?" అన్నాను.

"ఎవరో మరి. నాకూ తెలీదు." ఆవిడ వెనక్కి తిరిగి గదివైపు చూసింది. కళ్ళల్లో కృతజ్ఞత. "ఎవరైతేనేం, మంచివాడు. ఆయనే లేకపోతే ఇది ఎప్పుడో ఆపేసి వెళ్ళిపోయేది."

హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని మెల్లగా తలుపేసుకుంది. నేను మెట్లు దిగుతున్నాను. లోపల టపటప నెమ్మదించింది. ఆగిపోయింది.

నా చెవులకి హెడ్‌ఫోన్లు లేవు. తలుపు మూసుంది. అయినా ఈసారి వినపడింది కీ కొట్టుకున్న చప్పుడు కాదు, ఆ కింది స్వరమే. ధమ్... నిండుగా, నా పక్కనే.

మెట్ల రెయిలింగు మీదున్న నా కుడిచేతి వేళ్ళు, ఒకదాని తర్వాత ఒకటి, కీలు నొక్కినట్టు పైకి ఎక్కడం మొదలెట్టాయి.