ఒళ్ళో దారాలు

టైలరమ్మ కుట్టుమిషనుకి నూనె చుక్కలు వేసి, మరక కొత్త బట్టకి అంటకుండా ముందు పాత గుడ్డ మీద కుట్టి చూసుకుంటోంది. అంతలో కొడుకు ఫోను పట్టుకుని గదిలోంచి ఊడిపడ్డాడు.

"తీసేశారమ్మా! యాభై వీడియోలూ ఒక్క దెబ్బకి తీసేశారు!"

"ఎవర్రా?"

"ఆ వీడియోల కంపెనీవాళ్ళే. ఆరోగ్యం గురించి తప్పుడు సమాచారమట. రుజువు లేదట! నువ్వు కనబడట్లేదా వాళ్ళకి?"

ఆవిడకి ఒళ్ళు మండింది. ఏడాదిగా ఇంట్లో ఇదే గోల. జ్ఞాపకశక్తి క్యాప్సూల్స్ అంటూ డబ్బాలు తెప్పిస్తాడు. రోజూ పొద్దున్నే ఒకటి తల్లి చేతిలో పెడతాడు. ఆదివారం వస్తే ఎదురుగా ఫోను నిలబెట్టి, బట్టలు కుట్టించుకునేవాళ్ళ కొలతలు పుస్తకం చూడకుండా చెప్పిస్తాడు. ఇరవై మందివి, వరసగా. "మా అమ్మకి అరవై ఎనిమిదేళ్ళండీ!" అంటూ చివర్లో తనే మురిసిపోతాడు.

"ఇవాళే కొత్త వీడియో తీసి అప్పీలు పెడతా. ఈసారి ముప్పై మందివి చెప్పాలి. పది నిమిషాలే అమ్మా."

"నీ పది నిమిషాలు నాకు తెలుసు. పోయినసారి మూడుసార్లు బట్టలు మార్పించావు."

"మిషనుక్కూడా ఒక క్యాప్సూల్ వెయ్యండి, నూనె ఖర్చు తగ్గుతుంది," అంది కోడలు వంటింట్లోంచి.

"నువ్వు ఊరుకో!" అని వాడు కసురుకుంటుండగానే ఎదురింటి లెక్కల మాస్టారి భార్య గుమ్మంలోకి వచ్చింది. మాస్టారికి రెండేళ్ళుగా మతిమరుపు.

"అక్కా, నీ వీడియోలు రావట్లేదేమిటి? నిన్ను చూసే కదా, ఆయనకి డాక్టరిచ్చిన మాత్రలు మాన్పించి నెల నుంచీ ఈ క్యాప్సూల్సే వేస్తున్నాను. నిన్న వీధి చివర నిలబడి, మా ఇల్లెక్కడని పాలవాణ్ణి అడిగారట!"

"రెండేసి వేసి చూడండి పిన్నీ," అన్నాడు కొడుకు.

"నోర్ముయ్!"

మిషను ఆగిపోయింది. టైలరమ్మ కింది సొరుగు లాగి, అందులో ఉన్నదంతా బల్ల మీద బోర్లించింది. క్యాప్సూల్స్, వందల కొద్దీ, గలగలా దొర్లాయి. వాటితోపాటు దారాల చిక్కు ఒకటి పడింది. ఒక్కో దారం చివర ఒక్కో బట్ట ముక్క, పొడుగునా ముడులు.

"మొదటివారంలోనే మానేశాను. గుండెదడ, నిద్ర లేదు. ఇదిగో నా జ్ఞాపకశక్తి! ముక్క తడిమితే ఎవరిదో తెలుస్తుంది. పెద్ద ముడి పది అంగుళాలు, చిన్నది ఒకటి. నువ్వు నా ముఖం వీడియో తీస్తున్నంతసేపూ నా చేతులు ఒళ్ళో ఇవే లెక్కపెట్టేవి. చెల్లీ, నా మాట విను. మాస్టారిని ఇవాళే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. తప్పు నాది."

మాస్టారి భార్య ఇంటికి పరుగెత్తింది.

"ముందే చెప్పొచ్చుగా!" అన్నాడు కొడుకు.

"ఎలా చెప్పను? మా అమ్మకి అన్నీ గుర్తున్నాయని నువ్వు మురిసిపోతుంటే, లేవని ఏ నోటితో చెప్పను? నీ చొక్కా కొలతే గుర్తు రాలేదురా ఒకరోజు. నువ్వు పుట్టినప్పట్నుంచీ కుట్టిన చేతులు, టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయాయి."

వాడు వచ్చి మిషను పక్కన నేల మీద కూర్చున్నాడు.

"చూశానమ్మా. తలుపు దగ్గరే ఉన్నాను. మర్నాడే ఆ డబ్బా తెచ్చాను. డాక్టరు ఏమంటాడోనని భయమేసింది. ప్రతి ఆదివారం నువ్వు తప్పులేకుండా చెబుతుంటే, ఏమీ లేదులే అనుకున్నాను."

కోడలు వచ్చి క్యాప్సూల్స్ చీపురుతో ఊడ్చేసి, ఫోను తీసుకుని డాక్టరు దగ్గర అత్తగారి పేరు రాయించింది. పదకొండు గంటలకి రమ్మన్నారు.

కొడుకు కత్తెర అందుకుని తన చొక్కా అంచు కసక్కున కత్తిరించాడు.

"కొత్త చొక్కారా, వెధవా!"

"పదకొండింటికి డాక్టరు. పెద్దదొకటి, చిన్నదొకటి. అంతేగా?" ముక్కని దారానికి కట్టి, రెండు ముడులు వేసి తల్లి అరచేతిలో పెట్టాడు.

ఆవిడ తడిమి చూసింది. కళ్ళు తుడుచుకుంది.

"ఇదేం ముడిరా, లాగితే ఊడిపోయేలా ఉంది. మళ్ళీ వెయ్యి."

వాడు మళ్ళీ వేశాడు.