ఆరో మడి పుదీనా

ప్రసూతి వార్డులో బకెట్లు చాలలేదు. వాంతులు నేల మీదే ఉన్నాయి. నల్లగా, ఆకుపచ్చగా.

పోలీసు ఇన్‌స్పెక్టర్ ముక్కుకు చీర చెంగు అడ్డం పెట్టుకుని మంచాలు లెక్కపెట్టింది. పదకొండు. రక్తం తక్కువగా ఉందని చేర్చుకున్న గర్భిణులు. ఉదయం ఏడింటికి అందరూ పుదీనా రసం తాగారు. ఎనిమిదింబావుకి మొదటి వాంతి. పదిన్నరకి ఒకామెను ఐసీయూకి మార్చారు.

రసంలో ఐరన్ ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు ఉందని డ్యూటీ డాక్టరు చెప్పాడు.

ఐసీయూలో ఉన్నామెకు ఏడో నెల. ఆ పుదీనా పండే తోటలో ఆకులకు ఐరన్ మందు కొట్టేది ఆమె తల్లే. తల్లి తలుపు దగ్గరికి రాగానే కూతురు మాస్కు పక్కకు జరిపింది.

"క్లిప్పు పెట్టడం మర్చిపోయావా అమ్మా?"

తల్లి జవాబు చెప్పేలోపే మొహం గోడవైపు తిప్పుకుంది.

తోటలో మందు కొట్టిన మడికి ఎర్ర క్లిప్పు తగిలిస్తారు. బట్టలారేసే క్లిప్పే. అది ఉన్న మూడు రోజులూ ఆ మడి మీద కత్తి పడదు. తీసే హక్కు కూడా మందు కొట్టినవాళ్లదే.

పన్నెండూ పదికి ఇన్‌స్పెక్టర్ తోటకు వెళ్లింది. నెట్ కప్పిన షెడ్డు, పన్నెండు మడులు. మేనేజరు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. చేతిలో ఫిర్యాదు టైపు చేసి సిద్ధంగా ఉంది. స్ప్రే అక్క మందు ఎక్కువ కలిపింది, క్లిప్పు పెట్టడం మరిచింది, సాయంత్రంలోగా అరెస్టు చేయాలి. ఇదీ సారాంశం. ఐసీయూలో ఉన్నామె తల్లిని అక్కడ అందరూ స్ప్రే అక్క అనే పిలుస్తారు.

"ఏ మడి?" అని ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ఆరోది. నిన్న నాలుగూ నలభైకి ఆసుపత్రివాళ్లు ఇంకో రెండు బుట్టలు కావాలన్నారు. క్లిప్పు లేదుగా, కోసేశారు."

"ఆవిడ నిన్న ఎప్పుడు కొట్టింది?"

"తెల్లారే కొట్టుంటుంది. రోజూ అంతే."

ఆరో మడి నిండా మోళ్లు. అడుగున కొన్ని ఆకులు మిగిలాయి. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు, వాటి చుట్టూ మాడిన అంచు. ఇన్‌స్పెక్టర్ ఒక ఆకు తుంచి వాసన చూసింది. పుదీనా వాసన లేదు. పాత గొలుసు నాకినట్టు నాలుక మీద ఏదో రుచి తేలింది. ఆకును కవర్లో వేసింది. కుళాయి దగ్గరికి వెళ్లి రెండుసార్లు చేతులు కడుక్కుంది.

మిగతా పదకొండు మడుల్లో ఒక్క ఆకుకూ మచ్చ లేదు.

స్ప్రే అక్కను పిలిపించింది. ఖాళీ ట్యాంకులో మంచినీళ్లు పోసి, రోజూ ఎలా కొడుతుందో చూపించమంది. స్ప్రే అక్క ట్యాంకు భుజానికి తగిలించుకుంది. మోకాళ్ల మీద కూర్చుంది. నాజిల్‌ను మొక్కల కిందికి దూర్చి పైకి తిప్పింది. తుంపర కింది నుంచి లేచింది. ఆకుల అడుగులు తడిశాయి.

"పైనుంచి కొడితే మోకాళ్ల నొప్పి ఉండదు కదా?"

"ఆకు నోరు కిందుంటుంది మేడమ్. అన్నం మొహానికి పూస్తే కడుపు నిండుతుందా?"

ఎప్పుడు కొడతారని అడిగింది. ఎండ రాకముందే, ఆరింటికల్లా అయిపోవాలని స్ప్రే అక్క చెప్పింది. ఎండలో కొడితే చుక్క ఆరకముందే ఆకు మాడుతుంది. నిన్న ఆమె కొట్టింది తొమ్మిదో మడికి. దాని కొనకు ఎర్ర క్లిప్పు ఇంకా వేలాడుతోంది.

ఇన్‌స్పెక్టర్ కవర్లోని ఆకును తిప్పి చూసింది. అడుగు శుభ్రంగా ఉంది.

మూడున్నరకి మేనేజరు గదిలో స్ప్రే అక్కతో కలిపి నలుగురు కూర్చున్నారు. నాలుగో మనిషి తోటకు సలహాలిచ్చే ఆకుల డాక్టరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. గోడ మీద ఆయన ఫోటోతో ఒక ప్రశంసాపత్రం. తన ఫార్ములా పిచికారీ చేస్తే ఆకుల్లో పోషకాలు పెరుగుతాయని ఆయన అడక్కుండానే మొదలుపెట్టాడు. నిన్నటి శాంపిల్‌లో ఐరన్ నాలుగు రెట్లు వచ్చిందట.

"శాంపిల్ ఏ మడిది?"

"గుర్తులేదు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ ల్యాబ్ ఫారం బల్ల మీద పెట్టింది. ఆరో మడి. నిన్న మధ్యాహ్నం మూడున్నర. కింద ఆయన చేతిరాతలో ఒక వాక్యం ఉంది. ఆకులు కడగకుండా పరీక్షించాలి.

"ఎందుకు కడగొద్దన్నారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడిచాడు.

"నేను చెప్తాను," అంది ఇన్‌స్పెక్టర్. "ల్యాబ్‌లో రుద్ది కడిగితే నాలుగు రెట్లు రాదు. ఐరన్ ఆకులోకి దిగలేదు. ఆకు మీద ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి, వంగకుండా, పైనుంచి కొట్టారు. ఆసుపత్రి కిచెన్‌లో నీళ్లలో ముంచి తీసినా పోలేదంటే జిగురు కలిపారు. స్ప్రే అక్క కొట్టి ఉంటే మచ్చ అడుగున ఉండేది. అసలు మాడేది కాదు."

"క్లిప్పు..." అన్నాడు మేనేజరు.

"క్లిప్పు పెడితే మందు కొట్టారని మీకు తెలిసిపోయేది. శాంపిల్ దొంగదని తేలేది. అందుకే పెట్టలేదు."

ఆకుల డాక్టరు నెమ్మదిగా నోరు విప్పాడు. శాంపిల్‌కి కాస్త మెరుగులు దిద్దడం అందరూ చేసేదేనట. ఆ మడి కోస్తారని ఆయనకెలా తెలుస్తుంది?

"తెలిసింది. గేటు రిజిస్టర్‌లో మీ సంతకం ఉంది. ఐదూ ఇరవైకి మర్చిపోయిన గొడుగు కోసం తిరిగొచ్చారు. గొడుగు వదిలింది షెడ్డులో ఆరో మడి పక్కనే. మోళ్లు చూశారు. వాళ్లు రసం తాగింది ఈ ఉదయం ఏడింటికి. మధ్యలో పదమూడు గంటల నలభై నిమిషాలు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది."

ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల దించుకున్నాడు.

"ఇంత అవుతుందనుకోలేదు మేడమ్. కాస్త వికారంగా ఉంటుందేమో అనుకున్నా. కడుపుతో ఉన్నవాళ్లకి అది మామూలే కదా, ఎవరూ పట్టించుకోరని..."

ఇన్‌స్పెక్టర్‌కు ఉదయం వార్డులో దాటుకుంటూ నడిచిన నేల గుర్తొచ్చింది. బేడీలు తనే వేయాల్సింది. అతని చెయ్యి తాకబుద్ధి కాలేదు. కానిస్టేబుల్‌ను పిలిచింది.

ఐదింటికి స్ప్రే అక్కను జీపులో ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఐసీయూ తలుపు దగ్గర ఆమె ఆగిపోయింది. లోపలికి రానని తల ఊపింది. ఇన్‌స్పెక్టర్ ఒక్కతే మంచం దగ్గరికి వెళ్లింది. కవర్లో ఉన్న ఆకును కూతురి కళ్ల ముందు పెట్టి పైవైపు చూపించింది. తర్వాత తిప్పి, అడుగు చూపించింది.

కూతురు చిన్నప్పటి నుంచీ ఆ షెడ్డులో తిరిగిన పిల్ల. ఎవరూ విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది. అడుగువైపు చాలాసేపు చూసింది. తర్వాత మాస్కు పక్కకు జరిపింది.

"అమ్మ కొట్టింది కాదిది," అంది. "బయటుందా? మోకాళ్లు నొప్పంటది, కుర్చీ వేయమనండి."