సున్నం గీతల మధ్య

"రెండు సేతులూ సాపితే బండి ఆపాలా? కౌగిలికి పిలుత్తన్నారనుకున్నాను మేడమ్."

క్రేన్ నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజే హరిబాబు అన్న మాట అది. తోటి కుర్రాళ్ళు నవ్వారు. నేర్పించే నీలవేణి నవ్వలేదు.

"దిగు. రేపటిదాకా ఆ సీటు ముట్టుకోకు."

మర్నాటి నుంచి అతను అందరికంటే ముందే వచ్చేవాడు.

2015 వేసవి. విజయనగరం శివార్లలో ఒక రేకుల షెడ్డు, రెండు పాత హైడ్రా క్రేన్లు. హరిబాబుది కళింగపట్నం, పడవ మీద పెరిగినవాడు. నీలవేణి పాలిటెక్నిక్ చదివింది; తండ్రి కూర్మయ్య శ్రీకాకుళంలో ఎండుచేపల వ్యాపారి. మూడు నెలల్లో 'మేడమ్' పోయి 'నీలా' వచ్చింది. వాన పడితే అతను క్యాబిన్‌లో, ఆమె షెడ్డులో. అతను అద్దం తుడిచేది వాన కోసం కాదని అందరికీ తెలుసు.

కూర్మయ్య తమ్ముణ్ణి సముద్రం పొట్టన పెట్టుకుంది. "సేపల ఏటకెల్లేవోడికి పిల్లనివ్వను," అన్నాడాయన, హరిబాబుతో పెళ్ళి మాట ఎత్తగానే. "ఈ నెల్లో ఆపరేటర్ కార్డు తెత్తే సరి. లేకపోతే పలాస సమ్మందం కాయం సేసేత్తాను."

పరీక్ష రోజు సైగలు చేసేదీ, కాగితం మీద సంతకం పెట్టేదీ నీలవేణే. సిమెంటు దిమ్మను లేపి, కొంతదూరం నడిపి, సున్నంతో గీసిన గడిలో దించాలి. దిమ్మ గాలిలో ఉండగా దానికి కట్టిన బెల్టు ఒక పక్కకి జారింది. నీలవేణి రెండు చేతులూ చాపింది.

హరిబాబు చూశాడు. అయినా ఆపలేదు. గీతల మధ్య అంగుళం తేడా లేకుండా దించాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

నీలవేణి 'ఫెయిల్' అని రాసింది.

"ఎందుకు ఆపలేదు?"

"వల సగంలో ఉండగా ఎవుడైనా సెయ్యి వదిలేత్తాడేటి? ముందు లాగేయాలి, తరవాతే ఏ మాటైనా. పుట్టినకాడ్నించి అదే నేర్పినారు."

"ఇది వల కాదు. కింద మనిషి ఉంటే?"

"లేడు కదా."

"ఈ రోజు లేడు."

మళ్ళీ పరీక్ష మూడు నెలలకు. కూర్మయ్య ఇచ్చిన గడువు ఇక తొమ్మిది రోజులు.

బస్టాపులో వాన. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు.

"ఒక్క సంతకం, నీలా."

"నాన్నని నేను ఆపుతాను. అన్నం మానేసైనా ఆపుతాను. నువ్వు మళ్ళీ రా."

"ఊల్లో ఏటి సెప్పమంటావు? సేసుకోబోయేదే ఫెయిల్ సేసిందనా?"

"అవును. అలాగే చెప్పు."

అతను నవ్వబోయి మానుకున్నాడు. "నా మీద పేముంటే పెట్టేదానివి."

"నువ్వు ఇంకెవరో అయితే పెట్టేదాన్ని."

అది అబద్ధం. ఎవరికైనా ఆమె పెట్టేది కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఆమెలో అతనికి నచ్చింది అదే. బస్సు ఎక్కి, అవతలి వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.

నీలవేణి అన్నం మానేసింది. మూడో రోజుకి కూర్మయ్య దిగివచ్చి, పలాస వాళ్ళకి సంబంధం వద్దని కబురు పంపించాడు. ఆ మాట చెబుదామని ఎన్నిసార్లు చేసినా హరిబాబు ఫోను ఎత్తలేదు.

మూడు నెలలు గడిచాయి. పరీక్ష రోజు జాబితాలో అతని పేరు రెండుసార్లు పిలిచింది.

"ఆడు ఏటకెల్లిపోనాడు మేడమ్," అన్నాడు అదే ఊరి వినోద్. "ఇంక రాడంట."

పేరు పక్కన 'రాలేదు' అని రాసి, ఆమె తర్వాతి పేరు పిలిచింది.